పన్నెండో నంబరు ఎరుపు

జూన్ 4

చెవులు పని మానేసినా కళ్ళతో ఓవర్‌టైం చేయిస్తున్న మా బాబాయికి,

రవ్వ రాస్తోంది. క్షేమమే అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అవునో కాదో ఉత్తరం చివరిదాకా చదివి నువ్వే తేల్చు.

నా పనిగది ఎలా ఉంటుందని అడిగావు. గోడలు బూడిదరంగు. తలుపు బూడిదరంగు. కిటికీకి అట్ట కొట్టి దానికీ అదే రంగు పూశారు. ఒంటిమీది బట్టల రంగు తెరమీద పడుతుందని మాకు బూడిదరంగు కోట్లు ఇచ్చారు. తొమ్మిదింటికి లోపలికి వెళ్తే ఆరింటికి వచ్చేదాకా బయట ఎండో వానో తెలియదు. ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టెలో వెయ్యాలి. చేరిన రోజున ఇది జైలు అన్నాను. సూపర్‌వైజరమ్మ తల ఎత్తకుండానే, జైల్లో కిటికీ ఉంటుందమ్మా అంది.

పని ఏమిటంటే, అక్కడ ఫ్యాక్టరీలో నువ్వు రంగు అద్దిన దుప్పట్లకు ఇక్కడ ఫోటో తీసి, కంప్యూటర్లో రంగూ వెలుగునీడలూ సవరించి కేటలాగులో పెడతాం. తంటా ఎక్కడొస్తుందంటే, ఒకే ఫోటో ఒక్కో తెరమీద ఒక్కోలా ఉంటుంది. నా తెరమీద పండు మిరపకాయ, పక్క తెరమీద ఇటుక. కొనేవాళ్ళు ఫోటో చూసి ఆర్డరిస్తారు, గుడ్డ చూసి తిట్టిపోస్తారు. అందుకని అసలు గుడ్డముక్కను దీపం కింద పెట్టుకుని, తెరమీది రంగు దానికి సరిపోయేదాకా దిద్దుతాను. కాబట్టి నీ పన్నెండో నంబరు ఎరుపు ముక్క ఒకటి వెంటనే కవర్లో పెట్టి పంపు. ఫోన్లో నా మాట నీకు వినబడదు, ఫోన్లో రంగు నాకు నమ్మకం లేదు. మనిద్దరికీ ఉత్తరమే గతి.

మూడేళ్ళు మానకూడదని సంతకం పెట్టించుకుని నా సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకున్నారు కదా, తొమ్మిది నెలలు గడిచాయి. భోజనం దగ్గర పక్క కుర్చీవాళ్ళకి నా కరపత్రాలు చదివి వినిపిస్తున్నాను. మనిషి యంత్రాన్ని నడపాలా, యంత్రం మనిషిని నడపాలా అని నిన్న అడిగాను. ఒకాయన, ముందు ఆ పచ్చడి ఇటు నడిపించు తల్లీ అన్నాడు. ఇలాంటివాళ్ళతో ఏం మార్పు వస్తుంది చెప్పు.

పిన్నిని అడిగినట్టు చెప్పు. కోపం తగ్గించుకుంటున్నాను. చాలా నెమ్మదిగా.

నీ
రవ్వ


జూన్ 13

నిప్పురవ్వకు బాబాయి దీవెనలు.

నీ ఉత్తరం మీ పిన్ని నా చెవి దగ్గర పెట్టి గట్టిగా చదవబోయింది. చెవుడు గానీ గుడ్డితనం లేదే నాకు అని లాక్కుని చదువుకున్నాను. పచ్చడి అడిగినాయన మంచివాడు. ఆయనతో స్నేహం చెయ్యి.

ముక్క పెట్టాను. బాగా ఆరినదే. గుడ్డ తడిగా ఉన్నప్పుడు రంగు నమ్మకూడదు, తడి ఏ రంగునైనా గొప్పగా చూపిస్తుంది. ఆరాక, ఇస్త్రీ చేశాక, షెడ్డుకి ఉత్తరం వైపు నీడలో నిలబడి మధ్యాహ్నం పూట చూస్తే అప్పుడు అది ఎరుపు. ఇరవై తొమ్మిదేళ్ళుగా నేను చేసేది అంతే.

ఇక్కడో కొత్త సంగతి. యజమాని తన గదిలో కిటికీ ఎదురుగా పెద్ద తెర పెట్టించాడు. మీ ఆఫీసు నుంచి వచ్చిన ఫోటో అందులో పెట్టి నన్ను పిలిచి, కొనేవాళ్ళు చూసేది ఇదే కాబట్టి ఇకమీదట గుడ్డ దీనికి సరిపోవాలి అన్నాడు. అంటే చెవిలో అరిచాడు. షెడ్డంతా విన్నది. సరే అన్నాను. ఫోటో దిద్దేది నువ్వే కదా, మన పిల్ల చేతిలో రంగుకు ఢోకా లేదని ధైర్యం.

ఒక్క మాట. నాకు చెప్పుకోడానికి ఉన్నది ఆ రంగు తొట్టి దగ్గరి మేస్త్రి పని ఒక్కటే. అక్కడి నుంచి నన్ను దించేస్తే చెవిటివాడికి కాపలా పని కూడా ఇవ్వరు. నీ ఉద్యోగం నా మాట మీద ఇచ్చారు. సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉన్నన్నాళ్ళూ నీ నోరు కూడా అందులోనే ఉందనుకో.

పిన్ని వేళకి తినమంటోంది. నేను కూడా అదే అంటున్నాను.

బాబాయి


జూన్ 24

బాబాయ్,

ముక్క చేతికి రాగానే ఆ బూడిద గది మొత్తం ఒక్కసారి లేచి కూర్చున్నట్టయింది. నేను చిన్నప్పుడు షెడ్డు బయట తీగల మీద ఆరేసిన దుప్పట్ల మధ్య పరుగెత్తిన ఎరుపు. సూపర్‌వైజరమ్మ కూడా చేత్తో తడిమి చూసింది.

మూడు గంటలు కూర్చుని నీ ఎరుపు దిద్దాను. ఇప్పుడు బ్రహ్మాండంగా కుదిరింది.

దాని కోసం ఒక చిన్న యుద్ధం చేశాను, నువ్వు మెచ్చుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో రంగులు పెట్టుకోడానికి సంచుల్లాంటివి ఉంటాయి. చిన్నదీ ఉంది, పెద్దదీ ఉంది. ఇక్కడ అందరూ చిన్నదే వాడాలని రూలు. చిన్న సంచిలో నీ ఎరుపు పట్టదు బాబాయ్, అంచులు నలిగిపోతాయి. అందుకని పెద్దదాంట్లో పెట్టాను. అలా చెయ్యకూడదు, అవతలి తెరలకి కుదరదు అంది సూపర్‌వైజరమ్మ. గుడ్డ అద్దినవాడి చెమట కన్నా మీ రూలు గొప్పదా అని అడిగాను. ఆవిడ అద్దాలు తుడుచుకుంది. వాదనలో ఓడిపోయినవాళ్ళందరూ అద్దాలు తుడుచుకుంటారు.

నోరు బీరువాలో పెట్టమన్నావు. బీరువా తలుపు సరిగ్గా పడడం లేదు, నేనేం చెయ్యను.

రవ్వ


జూలై 5

రవ్వకు,

నువ్వు దిద్దింది యజమాని గదిలో చూశాను. కాసేపు అలాగే నిలబడ్డాను. ఆయన, ఏం, బాగాలేదా అని అరిచాడు. బాగుందండీ, మా అమ్మాయే చేసింది అన్నాను.

ఆ రోజు అన్నం సయించలేదు. మీ పిన్ని ఏమైందని అడిగితే ఏం లేదన్నాను. తర్వాత ఆలోచించుకున్నాను. నువ్వు చదువుకున్నదానివి, నాలుగు చోట్ల సరుకు చూస్తున్నదానివి. ఊరికే దిద్దవు. కాబట్టి నేనూ సర్దుకున్నాను. కొత్త ముక్క ఇందులో పెట్టాను, చూడు. నీ మనసులో ఉన్నది ఇదే అనుకుంటాను.

షెడ్డు కప్పు రెండు చోట్ల కారుతోంది. తొట్టి మీద పడకుండా రేకు అడ్డం పెట్టాను. పక్కింటి పెద్దావిడ పళ్ళు కట్టించుకుందట, ఇప్పుడు అందర్నీ చూసి నవ్వుతోంది, ఇంతకుముందు ఎవర్నీ చూసి నవ్వేది కాదు.

సూపర్‌వైజరమ్మతో పోట్లాడకు.

బాబాయి


జూలై 16

బాబాయ్,

నీ ఉత్తరంలో నాకు ఒళ్ళు మండిన మాట ఒకటుంది. సర్దుకున్నాను అన్నావు. ఎందుకు సర్దుకోవాలి? యజమాని చెవిలో అరిస్తే సర్దుకున్నావు, కప్పు కారితే సర్దుకున్నావు. ఈ ప్రపంచం ఇలా ఏడవడానికి సర్దుకుపోయేవాళ్ళే కారణమని నేను చదివిన ప్రతి చిన్న పుస్తకమూ ఘోషిస్తోంది. నువ్వు మాత్రం సర్దుకోకు. నీకు కోపం రాకపోతే నీ వాటా కూడా నేనే తెచ్చుకోవాల్సి వస్తోంది.

కొత్త ముక్క అందింది. పాతదాని కన్నా నెమ్మదిగా ఉంది, కాస్త నీరసపడినట్టు. నూలు మారిందేమో, వానాకాలం నీళ్ళేమో. రెండుసార్లు పెన్ను ఎత్తి, అడగబోయి ఆగాను. ఎవరినైనా నిలదీస్తాను గానీ ఎరుపు విషయంలో నిన్ను అడిగే అర్హత నాకు లేదు. నువ్వు ఇలా అద్దావంటే ఇలాగే ఉండాలి. దానికి తగ్గట్టు ఫోటో మళ్ళీ దిద్దాను. పెద్ద సంచిలోనే.

ఈ గదిలో నాకు రంగులు కలలోకి కూడా రావడం మానేశాయి. నిద్రలో కూడా బూడిదరంగే. ఆదివారం బయటికెళ్ళి కూరగాయల బండి ముందు పావుగంట నిలబడ్డాను. బండామె, కొంటావా, పెళ్ళిచూపులా అంది.

రవ్వ


ఆగస్టు 3

రవ్వకు,

ఈ ఉత్తరం మీ పిన్నికి చూపించకుండా రాస్తున్నాను.

నువ్వు రెండోసారి దిద్దిన ఫోటో మొదటిదాని కన్నా చల్లారిపోయినట్టుంది. దాని ప్రకారం రంగు పాళ్ళు మళ్ళీ తగ్గించాను. ఆ సరుకు వెళ్ళింది. కొన్నవాళ్ళు పోయినేడాది దుప్పటి పక్కన పరిచి చూసి, వెలిసిపోయిన గుడ్డ అంటగడతారా అని లారీ మొత్తం వెనక్కి తిప్పారు. దుప్పట్లన్నీ షెడ్డులో గోడ వారగా పడున్నాయి. వాటిని దాటుకుంటూ రోజూ తొట్టి దగ్గరికి వెళ్తున్నాను.

యజమాని ఈసారి అరవలేదు. కాగితం మీద రాసి చూపించాడు. ఇంకొక్క లారీ తిరిగొస్తే నువ్వు తొట్టి దిగు అని రాశాడు.

నిన్ను తప్పు పట్టడం లేదమ్మా. ఒక్కటే అడుగుతాను. నా ఎరుపు ఎక్కువైందని, తగ్గించాలని నీకెందుకు అనిపించింది? అంత బాగాలేకపోతే మొదటి ఉత్తరంలోనే మొహమాటం లేకుండా రాసి ఉండాల్సింది. దిద్దాను అని ఊరుకున్నావు. ఇరవై తొమ్మిదేళ్ళలో నా రంగు దిద్దినవాళ్ళు లేరు. దిద్దింది నువ్వు కాబట్టి ఒప్పుకున్నాను.

బాబాయి


ఆగస్టు 10

బాబాయ్,

నాలుగు సార్లు చదివాను.

నీ ఎరుపు ఎక్కువైందని నేను ఎప్పుడన్నాను? నేను దిద్దింది ఫోటోని బాబాయ్. నీ గుడ్డని కాదు. నీ గుడ్డలా కనబడేలా ఫోటోని దిద్దాను. నువ్వేమో ఫోటోలా కనబడేలా గుడ్డని దిద్దావు. ఆ గుడ్డ చూసి నేను మళ్ళీ ఫోటోని. నువ్వు నన్ను నమ్మి, నేను నిన్ను నమ్మి, ఇద్దరం కలిసి ఎరుపు గొంతు పిసికాం.

నా తెరమీద అది నిప్పులా ఉంది. నీకు చల్లారినట్టు కనబడిందంటే తప్పు యజమాని తెరదే. కిటికీ ఎదురుగా పెట్టుకున్నాడన్నావు కదా, ఎండ పడే చోట, కొన్నరోజు నుంచి ఎవరూ సరిచూడని తెర. దాన్ని గురువుని చేసి నీ మెడ మీద కూర్చోబెట్టాడు. నాకు ఇంకేం నిరూపించక్కర్లేదు.

అందుకే ఊరుకోలేదు. నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. యజమానికి ఒకటి, ఇక్కడి నోటీసు బోర్డుకి ఒకటి. మా బాబాయి కన్ను తప్పు పట్టే ముందు మీ తెర తప్పు దిద్దుకోండి అని మొదలుపెట్టాను. సాక్ష్యంగా నీ ఉత్తరాలు జతచేశాను. నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు. పొద్దున్నే పోస్టులో వేసొచ్చాను. ఆ బూడిద గదిలో పదకొండు నెలల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడింది.

నువ్వు తొట్టి దిగక్కర్లేదు. ధైర్యంగా ఉండు.

రవ్వ


ఆగస్టు 19

రవ్వకు,

ముందు నువ్వు కూర్చో. నిలబడి చదవకు.

నీ ఫిర్యాదు అందాక మీ సూపర్‌వైజరమ్మని ఇక్కడికి పిలిపించారు. నీకు చెప్పకుండా వచ్చినట్టుంది. తెరకి ఆనించి రంగు కొలిచే చిన్న పరికరం తెచ్చింది. యజమాని తెర కాస్త తప్పే గానీ పెద్ద తప్పు కాదట. తర్వాత నీ ఫోటో తెరిచి చూసింది. యజమాని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. నేను అర్థం కానట్టు మొహం పెడితే కాగితం మీద రాసి చూపించింది, పాపం మంచి మనిషి. నువ్వు రంగుల్ని పెద్ద సంచిలో పెట్టావట. పెట్టినందుకు కాదు, ఏ సంచిలో పెట్టావో చెప్పే చీటీ ఫోటోకి అంటించలేదట. చీటీ లేకపోతే అవతలి తెర దాన్ని చిన్న సంచే అనుకుని విప్పుతుంది, ఎరుపు పాలిపోతుంది. నీ తెరమీద మాత్రం బాగానే ఉంటుంది.

యజమాని నా చెవి దగ్గరికొచ్చి, అయితే తప్పు మీ అమ్మాయిదన్నమాట అన్నాడు. ఉద్యోగం పోతుంది, ఒప్పందం తప్పినట్టే లెక్క, సర్టిఫికెట్లు మూడేళ్ళయ్యాకే ఇస్తాం అన్నాడు.

అప్పుడు నేనన్నాను.

"ఫోటో నాకు బాగానే కనబడిందండీ. గుడ్డే కనబడ్డం లేదు. ఏడాదిగా ఎరుపు మసగ్గా ఉంటోంది. చెప్తే తొట్టి దించేస్తారని చెప్పలేదు."

ఆయన నీ ఫిర్యాదుకి జతచేసిన నా ఉత్తరం తీశాడు. ఫోటో చల్లారిపోయినట్టుంది అని రాసింది నువ్వే కదా అన్నాడు.

"కళ్ళు మందగించినవాడికి అన్నీ చల్లారినట్టే ఉంటాయి కదండీ" అన్నాను.

సూపర్‌వైజరమ్మ నా వంక చూసింది. ఆవిడకి తెలుసనుకుంటాను. అద్దాలు తీసి తుడుచుకుంది. చీటీ సంగతి చిన్న పొరపాటు అని రాసి సంతకం పెట్టింది.

నన్ను మడతల గదికి మార్చారు. నీడపట్టున కూర్చుని దుప్పట్లు మడిచే పని. మీ పిన్నికి కూడా కళ్ళు మందగించాయనే చెప్పాను. నువ్వు కూడా అదే అను.

బాబాయి


ఆగస్టు 27

బాబాయ్,

ఎవరడిగారు నిన్ను? ఎవరి అనుమతి తీసుకుని నీ కళ్ళని అమ్మేశావు?

చీటీ నేనే అంటించలేదు. సేవ్ చేసేటప్పుడు ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాలి. పెట్టలేదు. నాలుగు పేజీలు రాసినదాన్ని ఒక్క టిక్కు పెట్టలేకపోయాను. పెద్ద సంచి నీ గౌరవం కోసమని ఊరంతా చాటాను.

నీ ఉత్తరం చదివిన రోజే సూపర్‌వైజరమ్మ ముందుకెళ్ళి, తప్పు నాదని రాసిస్తాను, మా బాబాయిని తొట్టి ఎక్కించండి అన్నాను. ఆవిడ తలుపు మూసింది. నువ్వు రాసిస్తే ఏమవుతుందో తెలుసా అని మెల్లిగా చెప్పింది. నువ్వు పోతావు. యజమాని మొహం మీద అబద్ధం చెప్పాడని మీ బాబాయి మడతల గదిలోంచి కూడా పోతాడు. నిజం చెప్పాలనుకుంటే ఆయన చెప్పకముందు చెప్పాల్సింది అంది. నా కాగితం నాకే తిరిగిచ్చింది.

నువ్వు ఊ అను, ఇద్దరం పోదాం. ఎక్కడైనా రెండు చేతులతో బతుకుదాం.

రవ్వ


సెప్టెంబరు 8

రవ్వకు,

ఊ అనను. మీ పిన్ని మోకాళ్ళతో, నా చెవులతో ఎక్కడికి పోతాం. నీకు చదువు కాగితాలు లేకుండా ఎవరు పనిస్తారు. ఇంకెప్పుడూ ఆ మాట రాయకు.

యజమాని నన్ను కళ్ళద్దాల షాపుకి పంపాడు. ఈ వయసులో ఎవరికైనా ఏదో ఒక నంబరు తగులుతుందట, నాకూ తగిలింది. పెట్టుకుంటే నేల గుంటపడినట్టు కనబడుతోంది. అయినా పెట్టుకునే తిరుగుతున్నాను. ఇంట్లో మీ పిన్ని రెండు చీరలు పట్టుకుని ఏది బాగుందంటే, రెండూ ఒకటే కదే అంటున్నాను. నా మొహం చూసి ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. అది అన్నిటికన్నా కష్టంగా ఉంది.

తొట్టి దగ్గరికి కొత్త మేస్త్రి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, పని తెలుసు, వినయం ఉంది. నిన్న రెండు ముక్కలు పట్టుకుని మడతల గదికి వచ్చాడు. వెనకాలే యజమాని. పాత మేస్త్రిగారూ, పాళ్ళు తిరిగి కట్టాను, పన్నెండో నంబరు ఈ రెంటిలో ఏదో మీరు చెప్పాలి అని కుర్రాడు నా చెవిలో గట్టిగా అన్నాడు. నిజంగా తెలియకే అడిగాడో, యజమాని పరీక్షకి తెచ్చాడో నాకు తెలియదు.

ఎడమచేతిలోది నా ఎరుపు. అచ్చం నాదే. ఏం కష్టపడ్డాడో గానీ పట్టుకున్నాడు. రెండోది కాస్త గోధుమరంగు తిరిగిన ఎరుపు. పది అడుగుల దూరం నుంచే తెలిసింది. ఎడమదాన్ని చూపిస్తే నా కళ్ళు బాగున్నట్టే, కళ్ళు బాగుంటే తప్పు మళ్ళీ నీ దగ్గరికి నడిచొస్తుంది.

దగ్గరికి లాక్కుని, అద్దాలు పైకీ కిందికీ చేసి, చాలాసేపు చూసినట్టు చూశాను. కుడిదాన్ని చూపించాను.

యజమాని తల ఊపి వెళ్ళిపోయాడు. కుర్రాడు ఎడమ ముక్క వంక చూసి, నా చెవి దగ్గరికి వంగి, నాకెందుకో ఇదే అనిపించిందండీ అన్నాడు. వినబడనట్టు మడత పెట్టుకుంటూ కూర్చున్నాను. వారంలో ఆ కుడిచేతి ముక్క నీకు వస్తుంది.

బాబాయి


సెప్టెంబరు 21

బాబాయ్,

ముక్క వచ్చింది. కవరు విప్పగానే తెలిసింది. దాన్ని దీపం కింద పెట్టాను. ఫోటో దిద్దాను. చిన్న సంచిలో పెట్టి, చీటీ అంటించాను. సూపర్‌వైజరమ్మ పరికరంతో ఇక్కడి తెరలన్నీ కొలిచి సరిచేసింది, అక్కడి యజమాని తెరతో సహా. ఇప్పుడు ఏ గదిలో చూసినా, ఏ తెరమీద చూసినా ఒకటే ఎరుపు. వెంట్రుకవాసి తేడా లేదు. యజమాని ఫోన్ చేసి, ఇన్నాళ్ళకి దారిలో పడ్డావు అని నన్ను మెచ్చుకున్నాడు.

కేటలాగులో పాత ఎరుపు తీసేసి ఇది పెట్టేముందు ఒక కాగితం మీద సంతకం కావాలి. సూపర్‌వైజరమ్మ ఆ కాగితం నా ముందు పెట్టి తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత అడిగింది.

"నువ్వు ఆ షెడ్డులో పెరిగిన పిల్లవి. పన్నెండో నంబరు ఇదేనా?"

కాదు అంటే కుడిచేతి ముక్క చూపించిన నిన్ను పిలిచి మళ్ళీ మొదటి నుంచీ అడుగుతారు. ఇంతకాలం నేను చదివినవన్నీ, అరిచినవన్నీ గొంతు దాకా వచ్చాయి బాబాయ్.

"ఇదేనండీ" అన్నాను.

సంతకం పెట్టాను. మొదటి దుప్పట్లు రేపు మీ మడతల గదికి వస్తాయట.

రవ్వ